లారీ నిండా ప్రజాభిప్రాయం

మా మార్తక్కను హైదరాబాదుకు బయలుదేరదీయడం కన్నా, చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు అడ్డంగా పడుకున్న ఎద్దును లేపడం తేలిక. ఎద్దుకైతే తోక మెలిపెట్టవచ్చు. అక్క విషయంలో ఆ సదుపాయం లేదు.

ముందు సంగతి చెప్పాలి. అక్క బోధన్‌లో బీడీలు చుట్టి బతికిన మనిషి. నోట్లో పుండు లేచింది, ఎన్నాళ్లయినా మానలేదు. హైదరాబాదు పెద్దాసుపత్రిలో చూపిస్తే కేన్సరన్నారు. కింది దవడ ఒక పక్క తీసేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. మనిషి దక్కింది గానీ మాట ముద్దగా వస్తుంది. ఇంట్లో వాళ్లకు తప్ప బయటివాళ్లకు సగమే అర్థమవుతుంది. మా ఇంట్లో అర్థం కాకుండా మాట్లాడేది అక్క, అర్థమైనా నమ్మడానికి వీల్లేకుండా మాట్లాడేది నేను. అట్లా ఇద్దరం సమానం.

రెండు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని, మళ్లీ లేస్తే మొదట్లోనే పట్టుకోవచ్చని, ఆలస్యమైతే తన చేతుల్లో ఉండదని డాక్టరు చెప్పి పంపాడు. అక్క కొన్నాళ్లు పోయింది. తర్వాత మానేసింది. ఎందుకని అడిగితే ఆమె వాదన ఇది.

"నోరు తెరువు అంటడు, తెరుస్త. మూయి అంటడు, మూస్త. గంతే. గీ పనికి బస్సుల ఒక పూట, దవాఖాన వరండల ఒక పూట కూసునుడు దేనికి? నోరు బోధన్ల గూడ తెరుసుకుంటది."

మా మెథడిస్టు చర్చి పాస్టరు గారు వచ్చి, ప్రార్థన చేసి, ఆసుపత్రికి పొమ్మని మెల్లగా చెప్పారు. అక్క ఆయన ముందూ నోరు తెరిచింది. ఎట్లా ఉందని అడిగింది. ఆయన మొహమాటానికి, బాగానే ఉందమ్మా అన్నారు. అయితే ఈ రెండు నెలల పని అయిపోయిందని అక్క పాస్టరు గారికి చాయ్ ఇచ్చి పంపించేసింది. ఆదివారం ఆదివారం నేను టార్చిలైటు వేసి చూసేవాణ్ని. నాకు లోపల కనిపించేది ఎర్రటి చీకటి. అందులో ఏది మంచిదో ఏది చెడ్డదో తెలిసే చదువు నాకు లేదు. ఐదో తరగతితోనే బడికీ నాకూ తెగదెంపులయ్యాయి.

ఇట్లా ఉండగా కిరణ్ అనే కుర్రాడు లారీల అడ్డా మీదికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. హైదరాబాదులో ఏదో స్వచ్ఛంద సంస్థలో పని. భుజాన సంచీ, ముఖాన నమ్మకం. నాలాంటి వాళ్లకు చూడగానే జాలి వేసే రకం. యూరప్ దేశాల్లో కేన్సర్ మీద ప్రభుత్వం ఏ విధానం తయారు చేసినా ముందు ప్రజలను కూర్చోబెట్టి అడుగుతారట. మన దగ్గర కూడా అట్లా చేద్దామని సభ పెడుతున్నారట. ఆ దేశాల నుంచి ఒకావిడ వచ్చి వాళ్ల పద్ధతి చెబుతుందట. మా అక్క సంగతి ఆసుపత్రిలో విని వచ్చాడు.

"మీ ప్రాంతం నుంచి ప్రజలు పాల్గొనాలండీ. అదే ముఖ్యం" అన్నాడు.

"ఎన్ని లారీలు సార్?" అన్నాను.

అతను నవ్వాడు. నా బతుకులో ఉన్న చిక్కే ఇది. నేను నవ్వులాటకు అంటే జనం నమ్ముతారు, పనిమీద అడిగితే నవ్వుతారు.

నేను అడిగింది పని మాట. ఫ్యాక్టరీ చెరకు ఆడే క్రషింగ్ సీజన్‌లో నేను లారీలో చెరకు తోలతాను. మిగతా రోజుల్లో జనాన్ని తోలతాను. ఏ పార్టీ సభ అయినా సరే, బోధన్ నుంచి నిజామాబాదు దాకా జనం కావాలంటే దావీదు లారీ, అంటే నేను తోలే లారీ కావాలి. చెరకుకూ జనానికీ పెద్ద తేడా లేదు. చెరకును దించేటప్పుడు తూకం వేస్తారు, జనాన్ని ఎక్కించేటప్పుడు లెక్కపెడతారు. దిగిన తర్వాత రెంటినీ ఎవరూ పట్టించుకోరు. మా వైపు 'ప్రజలు పాల్గొనడం' అంటే ఇదే. ఇంకో రకం ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. కిరణ్ సార్ నవ్వాడు కాబట్టి ఒక లారీ చాలని నేనే తేల్చుకున్నాను.

అక్కను ఒప్పించడం మిగిలింది. నా లోపలి ఆలోచన వేరు. సభ పేరుతో హైదరాబాదు దాకా తీసుకుపోతే, అటునుంచి అటే ఆసుపత్రికి మళ్లించవచ్చని. అది చెప్పలేదు. డాక్టర్లు, ఆఫీసర్లు అందరూ కూర్చుంటారని, మనల్ని మాట్లాడమంటారని చెప్పాను.

అక్క చేస్తున్న పని ఆపింది. "డాక్టర్లను తిట్టొచ్చా?"

"తిట్టుమనే పిలుస్తుండ్రు."

"ఎప్పుడు పోవుడు?" అంది.

గురువారం తెల్లవారి ఐదింటికి బోధన్ అడ్డా నుంచి లారీ కదిలింది. వెనుక మా రాకాసిపేట బీడీల ఆడవాళ్లు, కొందరు హమాలీలు. వాళ్లందరికీ నాయకురాలు సాయవ్వ. ఆమె చూడని సభ లేదు, ఎక్కని లారీ లేదు. సభకు పోయేముందు నేను చెప్పే మూడు సూత్రాలు ఆమెకు కంఠతా వచ్చు. మాట్లాడేవాడు ఆగితే చప్పట్లు కొట్టాలి. ఎవరైనా చెయ్యెత్తమంటే అందరూ ఎత్తాలి. నినాదం ఎవరు అందుకున్నా జిందాబాద్ అనాలి. ఈసారి సభ దేనికని ఆమె అడగలేదు. తిండి ఉందా అని మాత్రం అడిగింది. ఉందన్నాను.

క్యాబిన్‌లో నా పక్కన అక్క, ఆమె పక్కన లారీ యజమాని రంగారావు గారు. ఆయనది వర్ని వైపు ఆంధ్రా రైతుల క్యాంపు. పెద్దలు కృష్ణా జిల్లా నుంచి కాలువ నీళ్లకు వచ్చి స్థిరపడ్డారు. మనిషి మంచివాడే గానీ డీజిలు విషయంలో దేవుణ్ని కూడా నమ్మడు. అందుకే వెంట వచ్చాడు. కిటికీ పక్క తనకు కావాలని అక్క ఎడపల్లి రాకముందే లారీ ఆపించింది. రంగారావు గారు దిగి, ఆమెను అటు జరగనిచ్చి, మధ్యలో గేరు రాడ్డుకు మోకాలు తగిలించుకుంటూ కూర్చున్నారు.

"ఏవోయ్ దావీదూ, లారీ నాది, డీజిలు నాది. నాకు కిటికీ కూడా లేదంటే ఇదేం న్యాయమయ్యా?" అన్నారు.

అక్క ఏదో అంది. ఏమందని ఆయన అడిగారు. గాలి బాగా వస్తోందంటున్నదని చెప్పాను. అక్క అన్నది అది కాదు.

ఆరున్నరకు నిజామాబాదు బస్టాండు దగ్గర చాయ్. ఈ దారిన పోయే పాఠకులకు ఒక మాట. చాయ్ తాగాలంటే బస్టాండు లోపల కాదు, బయట తాగండి. లోపల ఇచ్చేదాన్ని కూడా చాయ్ అనే పిలుస్తారు, పొరపడకండి. డిచ్‌పల్లి దాటాక రోడ్డు కొంచెం మర్యాదగా ఉంటుంది. కామారెడ్డిలో ఇడ్లీలకు ఆగాం. అక్క తన ఫ్లాస్కులోంచి జావ తాగింది. హోటలు ముసలాయన అది చూసి, మా దగ్గర ఇడ్లీలు మెత్తగానే ఉంటాయని, దూది తిన్నట్టే ఉంటుందని నొచ్చుకున్నాడు. అక్క ముఖానికి కట్టుకున్న చెంగు తీసి దవడ చూపించింది. అతను చాలాసేపు చూసి, డబ్బులు తీసుకోకుండా ఫ్లాస్కు నిండా వేడి వేడి పాలు పోయించాడు. అక్క నా వైపు తిరిగి, దవడ పోతే పోయింది గానీ పాలు వచ్చినయని అంది. అప్పుడు ఆమె కుడికన్ను కొంచెం నవ్వింది. ఈ మధ్య అక్క నవ్వితే కన్ను చూసే తెలుసుకోవాలి.

రామాయంపేట, తూప్రాన్ హాయిగా గడిచాయి. మేడ్చల్ దగ్గర పోలీసాయన లారీ ఆపాడు. జనాన్ని చూసి అతనికి అనుమానం కలగలేదు, అలవాటే. ఆయన అడిగింది ఒకటే.

"ఏ పార్టీ?"

"పార్టీ కాదు సార్. కేన్సర్."

"కొత్తదా? గుర్తేంది?"

నేను జవాబు వెతుక్కునేలోపల వెనుక నుంచి ఒక హమాలీ తన పని తాను చేశాడు. పార్టీ పేరు చెవిన పడింది గనక, కేన్సర్ అని గట్టిగా అందుకున్నాడు. లారీ మొత్తం జిందాబాద్ అంది. మూడుసార్లు. పోలీసాయన సెల్యూట్ కొట్టి పంపించాడు. క్యాబిన్‌లో రంగారావు గారు తల పట్టుకున్నారు. అక్క మాత్రం కిటికీలోంచి వెనక్కి వంగి ఆ హమాలీని తిట్టింది. వాడికి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. భావం అర్థమైంది. హైదరాబాదు వచ్చేదాకా వాడు కిక్కురుమనలేదు.

పదిన్నరకు సభ జరిగే హాలు చేరాం. చల్లటి హాలు, నేలంతా తివాచీ, తివాచీ మీద కుర్చీలు. కిరణ్ సార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లారీలోంచి దిగుతున్న జనాన్ని చూసి అతని ముఖం ముందు వెలిగింది, తర్వాత ఆరింది. వీళ్లంతా రోగులేనా అని గొంతు తగ్గించి అడిగాడు. రోగి ఒక్కతే, మా అక్క, మిగతావాళ్లు ప్రజలు అన్నాను. ప్రజలు కావాలన్నది మీరే కదా సార్ అని కూడా అన్నాను. అతను ఏడుపు రాక ముందు మనుషులు నవ్వే నవ్వు ఒకటి నవ్వాడు.

లోపల కుర్చీలు ఉన్నా మా జనం ఒక్కరూ కూర్చోలేదు. సభల్లో కుర్చీలు నాయకులవి, కింద తివాచీ మనది. అందరూ వేదిక ముందు తివాచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. పెద్ద పెద్ద డాక్టర్లు వెనుక కుర్చీల్లో ఉన్నారు. వాళ్లకు వేదిక కన్నా ముందు సాయవ్వ కొప్పు కనిపించింది.

యూరప్ నుంచి వచ్చినావిడ పేరు హెల్గా. డెన్మార్క్ దేశం. పొడుగాటి మనిషి, పొట్టి జుట్టు. ఆమె వచ్చి నేరుగా తివాచీ మీద అక్క పక్కన కూర్చుంది. దాంతో ఆరోగ్య శాఖ ఆఫీసరు గారికి పెద్ద ధర్మసంకటం వచ్చింది. అతిథి కింద ఉంటే ఆయన కుర్చీలో ఎట్లా ఉంటాడు? ప్యాంటు మడత నలగకుండా కూర్చోవడానికి ఆయన పడిన పాట్లు చూసి సాయవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

హెల్గా తన దేశంలో బస్సు డ్రైవరట. కిరణ్ సార్ తెలుగులో చెప్పగానే నేను లేచి నిలబడి, నేనూ డ్రైవర్నే అన్నాను. ఏ బండి అని అడిగింది. లారీ అన్నాను. ఆమె చేయి చాచి కలిపింది. ఆ తర్వాత రంగారావు గారు ఆ రోజంతా నన్ను కొంచెం మర్యాదగా పిలిచారు. ఆవిడకూ రొమ్ము కేన్సర్ వచ్చి తగ్గిందట. తగ్గిన తర్వాత వాళ్ల దేశపు కేన్సర్ కమిటీలో రోగుల తరఫున కూర్చుంటోందట.

"మా వైపు దేశానికో తీరు" అని ఆవిడ చెప్పింది. "ఒక దేశంలో రోగుల సంఘాలకు కమిటీలో కుర్చీ ఉంటుంది. ఇంకో దేశంలో మామూలు జనాన్ని చీటీలు తీసి ఎంచి, డాక్టర్లను అడిగినన్ని ప్రశ్నలు అడగనిస్తారు. కొన్నిచోట్ల మాత్రం అంతా తేల్చేసుకున్నాక పిలుస్తారు. కాఫీ ఇచ్చి, ఫోటో తీసి పంపిస్తారు."

సాయవ్వ నా వైపు వంగింది. "కాఫీతోని బిస్కెట్లు గూడ ఇస్తరా అడుగు."

అడిగాను. కిరణ్ సార్ భయపడుతూ తర్జుమా చేశాడు. ఇస్తారు, అందుకే చాలామంది మళ్లీ వస్తారు అని హెల్గా అంది. అయితే అక్కడ కూడా మన వృత్తి ఉందన్నమాట అని నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత ఆఫీసరు గారు ప్రసంగించారు. పాపం ఆయన మధ్య మధ్య ఊపిరి తీసుకునే మనిషి. ఈ రోగంతో ఎంతోమంది చనిపోతున్నారని చెప్పి ఆగారు. మా వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన తికమకపడి, మందులు చాలడం లేదని చెప్పి ఆగారు. మళ్లీ చప్పట్లు. ఆగకుండా మాట్లాడితే తప్ప లాభం లేదని గ్రహించి, ఊపిరి బిగబట్టి చెప్పుకుపోయారు. ముఖం ఎర్రబడింది. ఆపమని నేను సాయవ్వకు సైగ చేశాను. ఆగినప్పుడు కొట్టమన్నది నువ్వే కదా అని ఆమె కళ్లతోనే గద్దించింది.

ఆఫీసరు గారు ఒక నున్నటి పుస్తకం పైకెత్తి చూపించారు. నెలకో గురువారం హైదరాబాదులో కూర్చునే కమిటీ అమలు చేయాల్సిన కేన్సర్ విధానం. ప్రజలతో చర్చించి తయారు చేసినదని అట్ట మీదే అచ్చు వేసి ఉందట.

చర్చ ఎప్పుడు జరిగిందని హెల్గా అడిగింది.

ఇదేనండీ, ఇప్పుడు జరుగుతున్నదే అని ఆఫీసరు గారన్నారు.

మరి పుస్తకం?

పుస్తకం పోయిన వారమే వచ్చిందండీ, ప్రెస్సు వాళ్లు ఈసారి తొందరగా ఇచ్చారు అని ఆయన సంతోషంగా చెప్పారు. అట్లా చెప్పాక ఆయనకే ఏదో తేడాగా అనిపించినట్టుంది. పుస్తకం కొంచెం కిందికి దించారు.

హెల్గా మా వైపు తిరిగి, మీలో ఎవరి ఇంట్లోనైనా ఈ రోగం వచ్చి ఉంటే చెయ్యెత్తండి అంది. కిరణ్ సార్ తెలుగులో చెబుతుండగా చివరి మాట మా వాళ్ల చెవిన పడింది. అందరి చేతులూ ఒక్కసారి లేచాయి. అలవాటు మరి. వెనుక కుర్చీల్లో డాక్టర్లు ఉలిక్కిపడ్డారు. ఒకాయన కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. రాకాసిపేట మొత్తానికి కేన్సర్ అంటగట్టేలా ఉన్నాడని నేను లేచాను.

"అరే, తీర్మానం కాదు ఇది. ఇంట్ల గా బీమారి వచ్చినోళ్లే చెయ్యెత్తుండ్రి. మిగిలినోళ్లు దించుండ్రి" అన్నాను.

మా వైపు ఆ రోగం పేరు ఎవరూ ఎత్తరు. పేరు ఎత్తితే ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని భయం. ఎవరైనా పోతే దమ్ముతో, అంటే ఉబ్బసంతో పోయాడంటారు, కామెర్లంటారు, కడుపులో పుండంటారు. అందుకని అన్ని చేతులూ దిగిపోతాయనుకున్నాను.

చాలా వరకు దిగాయి. కొన్ని దిగలేదు. సాయవ్వ చెయ్యి దిగలేదు. ఆమె భర్త దమ్ముతో పోయాడని నాకు తెలుసు. శవాన్ని మోసిన వాళ్లలో నేనొకణ్ని. ఆమె నన్ను చూడకుండా తివాచీ మీది పువ్వును చూస్తూ చెయ్యి అట్లాగే ఉంచింది. వెనుక గోడ దగ్గర రంగారావు గారి చెయ్యి కూడా కొంచెం లేచి ఉంది. నేను చూడగానే ఆయన ఆ చేతి గడియారంలో టైము చూసుకున్నారు. వాళ్ల ఇంటావిడ పోయిన ఏడాది నుంచి లేదు.

అప్పటిదాకా ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టినవాళ్లు ఈసారి మాత్రం కొట్టలేదు.

హెల్గా అక్కను మాట్లాడమంది. అక్క మాట వాళ్లకు అర్థం కాదు కాబట్టి, ఆమె చెప్పింది నేను మామూలు తెలుగులో చెప్పాలి, కిరణ్ సార్ ఇంగ్లీషులో చెప్పాలి. అక్క చెంగు తీసి మొదలుపెట్టింది. ఇంట్లో చెప్పిన మాటే. నోరు తెరుచుడు, మూసుడు, గంతే. అది చూడడానికి నిజామాబాదు దవాఖానల నెలకు ఒక్క రోజు ఒక్క డాక్టరు కూర్చుంటే మీ సొమ్మేం పోతుందని అడిగింది. బస్సు ఊగుళ్లకు కుట్లు ఎట్లా లాగాయో చెప్పింది. వరండాలో కూర్చుంటే ఊడ్చేవాళ్లు చీపురుతో కాళ్ల మీద కొట్టిన సంగతి చెప్పింది. చివర ఆఫీసర్లనూ డాక్టర్లనూ కలిపి ఒక మాట అంది. ఆ మాట నేను ఇక్కడ రాయను.

అక్కడా చెప్పలేదు. "మీరందరూ దయగల పెద్దలని, కొంచెం ఆలోచించాలని మా అక్క కోరుతున్నది" అన్నాను.

అక్క నా డొక్కలో మోచేత్తో పొడిచింది. "నేనన్నది జెప్పు."

చెప్పక తప్పలేదు. కిరణ్ సార్ ఇంగ్లీషులో ఏమన్నాడో తెలియదు గానీ అతనూ మెత్తబరిచే ఉంటాడు, ఎందుకంటే ఆఫీసరు గారు తలూపారు. హెల్గా మాత్రం అక్క ముఖమే చూస్తోంది. తర్జుమా లేకుండానే ఆమెకు అందినట్టుంది, నవ్వు ఆపుకుంటోంది. మా దగ్గర కూడా రోగి తిట్టును మధ్యవాళ్లు దండంగా మార్చి పంపిస్తారు అని అంది. ఆ తర్వాత ఆఫీసరు గారిని సూటిగా అడిగింది. ఈ కమిటీలో రోగులకు కుర్చీ ఉందా?

ఆఫీసరు గారు పుస్తకం తిరగేశారు. అందులో లేదు. కానీ విదేశీయుల ముందు లేదనడం బాగుండదు. తప్పకుండా ఒక కుర్చీ వేద్దామన్నారు. అని, నా వైపు వేలు చూపించారు.

"ఈయన చక్కగా మాట్లాడుతున్నాడు. వీళ్ల తరఫున ఈయన్ని వేసుకుందాం."

పాఠకులారా, నిజం చెప్పాలంటే నా ఛాతీ అప్పటికే రెండంగుళాలు పెరిగింది. ఐదో తరగతి మనిషికి ప్రభుత్వ కమిటీలో కుర్చీ. నెలకోసారి హైదరాబాదు, దారి ఖర్చులు, ముందు టేబులు మీద పేరు రాసిన పలక. బోధన్ అడ్డాలో నేను ఎట్లా నడవాలో కూడా అనుకున్నాను. లేచి దండం పెట్టబోతున్నాను.

"నోరు వానిదా, నాదా?" అంది అక్క.

ఈ మాట మాత్రం హాలులో అందరికీ, తర్జుమా లేకుండా, స్పష్టంగా అర్థమైంది. ఎట్లా అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆఫీసరు గారు నొచ్చుకున్నారు. మెల్లగా, మర్యాదగానే అన్నారు, "అది కాదమ్మా. మీటింగుల్లో మాట్లాడింది అందరికీ అర్థం కావాలి కదా."

అక్క నాకేసి చూసి చెప్పింది. ఈసారి నేను ఒక్క అక్షరం మార్చలేదు. "పొద్దుగాల నుంచి మీరు మాట్లాడింది మాకు సమజ్ గాలే. అయినా మీరు ఆపలే గదా సారూ."

సాయవ్వ చప్పట్లు కొట్టింది. అది ఉపన్యాసం కాదు, సూత్రం ప్రకారం కొట్టకూడదు. అయినా కొట్టింది. మిగతా ఆడవాళ్లూ అందుకున్నారు. వెనుక కుర్చీల్లో ఒకరిద్దరు డాక్టర్లు కూడా కొట్టారు. ఆఫీసరు గారు పెద్దమనిషి. కోపం తెచ్చుకోలేదు. ఆ కుర్చీకని అక్క పేరు అడిగి, పుస్తకం అట్ట లోపల తన పెన్నుతో రాసుకున్నారు. అచ్చువేసిన పుస్తకంలో చేత్తో రాసినది అదొక్కటే. నిజామాబాదులో డాక్టరు సంగతి మొదటి మీటింగులో మాట్లాడదామన్నారు. మాట ఇవ్వలేదు, మాట్లాడదామన్నారు. ఆ తేడా మాకు తెలుసు. చెరకు ధర విషయంలో ఎన్నోసార్లు విన్నాం.

భోజనాలు ఒంటిగంటకు. ప్లేటు పట్టుకుని నిలబడి తినే పద్ధతి. మా హమాలీలు నిలబడి మోయడమే గానీ నిలబడి తినడం ఎరగరు, ప్లేట్లు తీసుకుని లారీ నీడన కూర్చున్నారు. హెల్గా లారీ చూడాలంది. ఎక్కించి స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. గేరు వేసి చూసి, ఇది బస్సు కన్నా మొండిదంది. రంగారావు గారు కిందనే నిలబడి, "బండి స్టార్టు చేయనివ్వకు, డీజిలు" అని నా చెవిలో గొణిగారు.

అక్కను ఆసుపత్రికి మళ్లిద్దామన్న నా ఆలోచన అక్కడే చచ్చింది. కిరణ్ సార్‌ను అడిగితే, నోటి జబ్బుల డాక్టరు ఇప్పుడు బుధవారాలే చూస్తున్నారన్నాడు. మేం వచ్చింది గురువారం. అంత దూరం ఆలోచించి, వారం చూసుకోలేదు.

మూడున్నరకు తిరుగు ప్రయాణం. జనం వెనుక పడుకున్నారు. సాయవ్వ మాత్రం నిద్రపోలేదు. మేడ్చల్ దాటాక రంగారావు గారు లారీ ఆపమని, దిగి వెనక్కి పోయి, ఆమెతో కాసేపు ఏదో మాట్లాడి వచ్చారు. ఏం మాట్లాడారో నేను అడగలేదు. వచ్చాక ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, రోడ్డు మీద దుమ్ము ఎక్కువైందన్నారు. వాన పడి రోడ్డంతా తడిసి ఉంది.

అక్క కిటికీ పక్కన మాటా పలుకూ లేకుండా కూర్చుంది. నాకు లోపల గుబులుగా ఉంది. తిట్టాలనుకున్నది తిట్టేసింది. ఇక జన్మలో ఆసుపత్రి గుమ్మం తొక్కదు. నోట్లో ఏముందో డాక్టరెవరూ చూడక ఇప్పటికే నెలలు గడిచాయి. ఆ గుబులు ఆపుకోలేక, నాకు తెలిసిన ఒకే ఒక మార్గంలో, అంటే ఎగతాళిగా, కెలికాను.

"అక్కా, గా మీటింగు నెల నెలా ఉంటదట. హైదరాబాదులనే. బస్సుల ఒక పూట."

"ఎర్కే."

రంగారావు గారు నవ్వారు. "అదేంటమ్మా మార్తమ్మా. రెండు నెలలకోసారి నా వల్ల కాదంటివి, ఇప్పుడు నెలకోసారి తగిలించుకున్నావే?"

అక్క ఆయనకు అర్థం కావాలని ఒక్కో మాట విడదీసి చెప్పింది. "దవాఖానల నోరు తెరుస్తె డాక్టరు సూస్తడు. గక్కడ తెరుస్తె డాక్టరు ఇనాలె. ఫరక్ లేదా?"

ఆయనకు అర్థమైంది. ఉందమ్మా అన్నారు.

రామాయంపేట పోయింది. కామారెడ్డి దగ్గరికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది, చెరకు తోటల మీద ఎండ పచ్చగా పడి ఉంది. అప్పుడు అక్క నా వైపు తిరిగింది.

"నోటి డాక్టరు ఏ దినం సూస్తడు?"

"బుధారం."

"మీటింగు?"

"బేస్తారం."

"అయితే బుధారమే పోదాం. చర్చి వాళ్ల సత్రంల ఉండి తెల్లారి మీటింగుకు పోవచ్చు."

నేను రోడ్డు చూస్తూ, బుధవారం దేనికక్కా అన్నాను.

"దేనికేందిరా తమ్మీ. నోట్లె మల్ల గడ్డ గిట్ల లేసి నడిమిట్ల నేను సస్తే, గా కుర్చీ నీకిస్తరు."

నేను గేరు మార్చాను. యూరప్‌లో జనం ఎట్లా పాల్గొంటారో నేను కళ్లతో చూడలేదు, హెల్గా చెప్పింది విన్నాను. ఒక్కో దేశానిది ఒక్కో తీరట. మా ఇంటి తీరు మాత్రం ఆ రోజు తెలిసింది. పాస్టరు గారి ప్రార్థన, డాక్టరు హెచ్చరిక, నా బతిమాలుడు, ఇవేవీ మా అక్కను ఆసుపత్రికి కదిలించలేదు. కుర్చీ తమ్ముడి పాలవుతుందన్న భయం కదిలించింది.